ప్రేమజ్యోతి గారు వదులుకున్న కేసు

ప్రేమజ్యోతి గారి గురించి డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళలో నాలుగు మాటలు తిరుగుతున్నాయి. మైనారిటీ కోటాలో ఆమెకు జడ్జి ఉద్యోగం వచ్చిందన్నది మొదటిది. మన సంఘం మనిషి ఒకడు పళ్ళు పట్టుకుని ఇంటికి వెళితే, వాటిని మంచులోకి విసిరేశారన్నది రెండోది. తెల్లవాళ్ళ దగ్గర మంచిపేరు కోసం అతణ్ణి నలుగురిలో నిలబెట్టి అవమానించారన్నది మూడోది. పైకి అవమానించినట్టు నటించి, లోపల తోటి జడ్జి చెవిలో ఒక మాట వేసి అతణ్ణి గెలిపించారన్నది నాలుగోది. మూడోదీ నాలుగోదీ నేను ఒకే భోజనం దగ్గర, ఒకే మనిషి నోట విన్నాను. ఆ రెండూ ఒకేసారి నిజం కావడం ఎలాగో ఆయనకు సందేహం రాలేదు.

నాలుగూ అబద్ధాలే. అయితే ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట కాస్త నిజం అంటుకుని ఉంది. అందుకే అవి ఇన్నేళ్ళు నిలిచాయి. ఆమె గత వేసవిలో, అంటే 1989లో, పదవీ విరమణ చేశారు. ఇక ఎవరి కేసూ ఆమె బల్ల మీదికి రాదు కనుక, జరిగింది జరిగినట్టు చెప్పడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. నేను కళ్ళారా చూసినదేదో, ఇతరుల ద్వారా తెలుసుకున్నదేదో ఎక్కడికక్కడ చెబుతాను.

ఆమెది బాపట్ల. తండ్రి మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. వాల్తేరులో లా చదివి, బాపట్ల మునసబు కోర్టులో రెండేళ్ళు ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా ఉన్నారు. ఆ రెండేళ్ళలో ఆమె నోరు విప్పి వాదించిన కేసు ఒక్కటీ లేదు. పార్టీలు వచ్చి, "ప్లీడరు గారు లేరా అమ్మా?" అని ఆమెనే అడిగేవారట. సామ్యూల్ గారితో పెళ్ళయింది. ఆయనకు మిషిగన్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో డిజైన్ ఇంజనీరు ఉద్యోగం దొరకడంతో 1968లో ఇద్దరూ ఈ దేశం వచ్చారు.

ఇక్కడ ఆమె లా డిగ్రీ చెల్లలేదు. ఒక లాయర్ల ఆఫీసులో టైపిస్టుగా చేరారు. పగలు ఇతరుల వాదనలు టైపు చేస్తూ, సాయంత్రాలు లా స్కూలుకు వెళ్ళి మొదటినుంచీ మళ్ళీ చదివారు. నలభై దాటాక చేసిన చదువు అది. 1977లో బార్ పరీక్ష ప్యాసయ్యారు. మూడేళ్ళ తరువాత, నిరుద్యోగ భృతి అప్పీళ్ళు విచారించే పదవికి రాష్ట్రం పెట్టిన పరీక్ష రాశారు. స్త్రీలూ మైనారిటీలూ దరఖాస్తు చేసుకోవాలని ఆ ప్రకటనలో ఉన్న మాట వాస్తవం. ఆ ప్రకటన ఆమె బదులు పరీక్ష రాయలేదు. ఫలితాల్లో ఆమె పేరు పైనుంచి మూడోది. ఆ పట్టికను గోడ మీద చదివిన ఇద్దరు, ఒకరితో ఒకరికి పరిచయం లేనివారు, నాకు ఒకే సంగతి చెప్పారు. మొదటి మాట సంగతి ఇంతటితో ముగిసింది.

ఆ ఉద్యోగం ఏమిటో తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఇక్కడ మనిషికి పని పోతే కొంతకాలం రాష్ట్రం భృతి ఇస్తుంది. "ఇతను తనంతట తానే మానేశాడు" అని కంపెనీ చెబితే ఆ భృతి ఆగిపోతుంది. అప్పుడు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, సాక్ష్యం విని, తీర్పు రాసేవారు ఉంటారు. వారి పదవి పేరు రెఫరీ. నల్లగౌను ఉండదు, ఎత్తైన పీఠం ఉండదు. చిన్న గది, ఒక బల్ల, దాని మీద టేపు రికార్డరు. మనవాళ్ళు మాత్రం జడ్జిగారనే అన్నారు. చేసే పనినిబట్టి చూస్తే అది తప్పుకాదు.

ఆమెకొక పద్ధతి ఉండేది. సాక్షి ఏదైనా చెప్పగానే దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పి, "నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?" అని అడిగేవారు. కంపెనీ మేనేజరునూ అలాగే అడిగేవారు, పోలండు నుంచి వచ్చిన కార్మికుణ్ణీ అలాగే అడిగేవారు. దీనివల్ల ఆమె విచారణలు ఇతరులవాటి కంటే పొడుగయ్యేవి. ఆఫీసులో ఆ విషయమై విసుక్కున్నవారు ఉన్నారు. ఆమె మార్చుకోలేదు.

లా స్కూల్లో ఉండగా ఆమె రాసిన ఒక వ్యాసాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. అది గత శతాబ్దంలో ఈ రాష్ట్రంలో గుర్రం మీద ఊరూరా తిరుగుతూ కోర్టు నడిపిన హాల్‌స్టెడ్ అనే జడ్జి గురించి. ఒకసారి ఆయన దారిలో వెళుతుంటే ఒక రైతు పక్కన గుర్రం కలిపి, తన సరిహద్దు తగాదా అంతా చెప్పుకొచ్చాడు. హాల్‌స్టెడ్ మర్నాడు కోర్టు తెరవగానే ఆ రైతు అన్న మాటలన్నీ బహిరంగంగా చెప్పి, కేసును వేరే జడ్జికి పంపారు. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. ప్రేమజ్యోతి గారు మెచ్చుకుంటూనే ఒక ప్రశ్న వేశారు. వేరే జడ్జి ఆ ఊరు వచ్చేసరికి వసంతం దాటిపోయింది. ఈలోగా రైతు విత్తు వేసుకోలేకపోయాడు. జడ్జి పేరు నిలిచింది, రైతు పంట పోయింది. ఈ రెండోదాని లెక్క ఎవరు చూడాలి? ఆ ప్రశ్నకు వ్యాసంలో జవాబు లేదు. ఆ జవాబు ప్రొఫెసరు కూడా అడగలేదని సామ్యూల్ గారు నాతో అన్నారు.

1982 చలికాలం ఇక్కడున్న వారెవరూ మరిచిపోలేరు. ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి. మన తెలుగు క్రైస్తవ సహవాసం అప్పటికి ఒక లూథరన్ చర్చి బేస్‌మెంటులో ఆదివారం మధ్యాహ్నాలు కూడేది. ప్రార్థన విన్నపాలు చెప్పమంటే సగం మంది ఉద్యోగం గురించే లేచేవారు. వారిలో దైవాశీర్వాదం ఒకడు. రేపల్లె ప్రాంతం మనిషి, రేకు కోసే ప్రెస్సుల దగ్గర పనిచేసేవాడు. భార్య లూసీకి నెలలు నిండకుండా నొప్పులు వచ్చి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. అతను పనికి మూడు రోజులు వెళ్ళలేదు. బిడ్డ దక్కలేదు. నాలుగో రోజు వెళితే, చెప్పకుండా మానేశాడని, వచ్చే పోయే వేళలు అచ్చువేసే పంచ్‌క్లాక్ పక్కనుంచి అతని టైమ్‌కార్డు తీసేసి, ఇక పని లేదన్నారు. భృతి ఆగింది. లివోనియాలో వాళ్ళు కొనుక్కున్న చిన్న ఇంటి మీద బ్యాంకు ఆఖరి హెచ్చరిక పంపింది. విచారణ తేదీ దాకా ఆగడానికి ఒప్పుకుంది. అది దాటితే ఆగనంది. కనుక ఆశీర్వాదానికి కావలసింది గెలుపు ఒక్కటే కాదు, ఆ తేదీనాడే విచారణ జరగడం కూడా.

విచారణ నోటీసులో రెఫరీ పేరు చూసి అతను పొంగిపోయాడు.

మన సంఘంలో ఒక ఆచారం ఉంది. ఆపరేషన్‌కు ముందు, ఇంటర్వ్యూకు ముందు, ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు వెళ్ళేముందు, పెద్దవాళ్ళింటికి పళ్ళు తీసుకువెళ్ళి ప్రార్థన చేయించుకుంటారు. బాపట్లలోనూ అంతే, మిషిగన్‌లోనూ అంతే. లంచం అన్న ఆలోచన ఆశీర్వాదానికి లేదు. విచారణకు రెండు రోజుల ముందు, ఆదివారం సాయంత్రం, భార్యాభర్తలిద్దరూ సంచీ నిండా కమలాపళ్ళతో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ప్రేమజ్యోతి గారింటికి వెళ్ళారు. అక్కడ జరిగింది లూసీ ఒకసారీ సామ్యూల్ గారు ఒకసారీ విడివిడిగా నాకు చెప్పారు. రెండు కథనాలూ కలిశాయి.

"వందనాలు బావగారూ!"

"వందనాలు, వందనాలు. ఏమిటోయ్ ఆశీర్వాదం, పళ్ళకొట్టు పెట్టావా?" అన్నారు సామ్యూల్ గారు.

"అక్క చేత ప్రార్థన చేయించుకుందామని వచ్చాం."

"దానికి ఇన్ని పళ్ళా? ఇంత బరువైన ప్రార్థన మీ అక్క చేయలేదేమో!"

ప్రేమజ్యోతి గారు టీ కప్పులతో వచ్చారు. లూసీ లేచి, "మంగళవారమే వదినగారూ హియరింగ్. పేపర్‌లో మీ పేరు చూసి ఈయన ఏడ్చేశారు" అంది.

"ఏ పేపర్?"

"మీ ఆఫీస్ నుంచి వచ్చిందే."

ఫైళ్ళు ఆమె చేతికి సోమవారం ఉదయం గానీ వచ్చేవి కావు. అందువల్ల ఆ వారం జాబితాలో ఇతను ఉన్నట్టు ఆమెకు అంతవరకూ తెలియదు. ఆమె ట్రే కింద పెట్టేలోపే ఆశీర్వాదం మొదలుపెట్టాడు.

"ఫోర్‌మన్‌కి చెప్పే వెళ్ళానక్కా! పంచ్‌క్లాక్ దగ్గర నిలబడి..."

"ఆశీర్వాదం, ఆగు."

"స్టాన్లీ కూడా విన్నాడు. వాడు వస్తే..."

"ఆగమన్నానా!"

ఆమె గొంతు పెంచడం లూసీ అదే మొదటిసారి వినడమట. 

"ఈ మాట నువ్వు నాతో ఇక్కడ అనకూడదు, నేను వినకూడదు. నువ్వు అనేశావు, నేను వినేశాను."

"మనం మనం కదక్కా?"

"అందుకే అంటున్నాను. నీ కేసు నేను వినను."

లూసీ గోడకు ఆనుకుంది. "అంటే వాయిదా వేస్తారా? వదినగారూ, బ్యాంకువాళ్ళు ఆ తేదీ దాకానే..."

ప్రేమజ్యోతి గారు ఒక కప్పు లూసీ చేతికిచ్చారు. టీ తాగమన్నారు. తరువాత లూసీ తలమీద చెయ్యి పెట్టి ఆమె ఆరోగ్యం కోసం, పోయిన బిడ్డ కోసం ప్రార్థన చేశారు. కేసు ఊసు అందులో లేదు. పళ్ళు మాత్రం తీసుకోలేదు. సంచీని సామ్యూల్ గారు కారుదాకా మోసుకువెళుతూ గడ్డకట్టిన మెట్టు మీద జారారు. కమలాపళ్ళు మంచు మీద నలుదిక్కులా దొర్లాయి. ముగ్గురూ వంగి ఏరుకున్నారు. అదే వీధిలో ఉండే కృష్ణమోహన్ అప్పుడే కారులో అటుగా వెళ్ళాడు. తెల్లటి మంచులో పళ్ళు, ఏడుస్తున్న లూసీ, గుమ్మంలో కదలకుండా నిలబడ్డ ప్రేమజ్యోతి గారు: అతను చూసింది అంతే. మిగతాది అతను కల్పించుకున్నాడు. రెండో మాట పుట్టుక అది.

వాళ్ళు వెళ్ళాక సామ్యూల్ గారు భార్యతో అన్నారు: "నోరెత్తకుండా ట్రాన్స్‌ఫర్ చీటీ మీద సంతకం పెట్టెయ్. కారణం ఎవరూ అడగరుగా? వాడి పరువూ నిలుస్తుంది, నీ పరువూ నిలుస్తుంది."

"పరువు నిలుస్తుందండీ. ఇల్లు నిలవదు."

ఆయన చెప్పింది నిజమే. చీటీ మీద సంతకం పెడితే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కేసు తిరిగి పెద్ద జాబితాలో పడి, ఏ వేసవికో కొత్త తేదీ వచ్చేది. ఎవరికీ చెప్పకుండా తానే విని తీర్పు రాసినా పట్టుకునేవారు లేరు. ఆమె ఈ రెండు దారులనూ పక్కన పెట్టారు.

సోమవారం ఆఫీసులో తన గదికి ఎదురుగా ఉండే హాన్సెన్ అనే సీనియర్ రెఫరీ దగ్గరికి వెళ్ళి, "రేపు ఉదయం ఒక విచారణకు మీ గది, మీరు ఖాళీగా ఉండగలరా? ఎందుకన్నది రేపు ఇరుపక్షాల ముందే చెబుతాను. దానికి బదులు మీ మధ్యాహ్నపు కేసులు నేను వింటాను" అని అడిగారు. ఆయన సరేనన్నారు. తోటి జడ్జి చెవిలో మాట వేశారని లోకం అనేది దీన్నే. ఆమె వేసిన మాటలో ఆశీర్వాదం పేరు లేదు, కంపెనీ పేరు లేదు. ఈ సంగతి హాన్సెన్ గారే విచారణ మొదట్లో టేపు మీద చెప్పారు.

మంగళవారం ప్రేమజ్యోతి గారి విచారణ గదిలో వెనక కుర్చీల్లో కూర్చున్న సంఘస్థుల్లో నేనూ ఉన్నాను కనుక, ఇకమీద చెప్పేది నా సొంత సాక్ష్యం. బల్లకు ఒకవైపు కంపెనీ తరఫు కుర్ర లాయరు, ఫోర్‌మన్. మరోవైపు పెళ్ళినాటి కోటు వేసుకుని ఆశీర్వాదం, పక్కన లూసీ, ఆ వెనక అతనితో పనిచేసిన స్టాన్లీ. ప్రేమజ్యోతి గారు టేపు నొక్కి, తన పేరూ తేదీ చెప్పి, కంఠంలో ఏ మార్పూ లేకుండా ఇంగ్లీషులో ఇలా అన్నారు:

"ఆదివారం సాయంత్రం అప్పీలుదారు మా ఇంటికి వచ్చారు. మేము ఒకే చర్చికి వెళతాము. ఫోర్‌మన్‌తో చెప్పి వెళ్ళానని, మరొకరు విన్నారని నాతో అన్నారు. నేను ఆపేలోగా ఆ రెండు మాటలూ విన్నాను. ఆయన పళ్ళు తెచ్చారు. నేను తీసుకోలేదు. ఆయన చేసినది చెప్పడం నా బాధ్యత. చేయనిది చెప్పడం కూడా నా బాధ్యతే. నన్ను కొనడానికి ఆయన రాలేదు. కష్టానికి ముందు పెద్దలచేత ప్రార్థన చేయించుకోవడం మా చర్చిలో వాడుక. రాకూడని ఇల్లు ఇదని ఆయనకు తెలియదు."

ఆశీర్వాదం తల వంచుకున్నాడు. మూడో మాటలోని అవమానం జరగలేదని నేను అనను. జరిగింది. అయితే వినకూడనిది తానూ విన్నానని ఒప్పుకుని, అందులో సగం ఆమె తన తలమీద వేసుకున్నారు. ఆ సగాన్ని ఎవరూ ఎక్కడా చెప్పరు.

కుర్ర లాయరు లేచి, "మాకు అభ్యంతరం లేదండీ. మీరే వినవచ్చు" అన్నాడు.

"మీకు లేకపోవచ్చు. నాకుంది. ఇరుపక్షాలూ ఈ రోజుకు సిద్ధంగా ఉన్నట్టేనా?"

సిద్ధమేనన్నారు.

"అయితే ఎదురుగది తెరిచి ఉంది. రెఫరీ హాన్సెన్ మీకోసం ఎదురుచూస్తున్నారు."

లూసీకి ఇంగ్లీషు అంతగా తెలియదు. "వాయిదా వేశారా?" అని నన్ను గుసగుసగా అడిగింది. లేదని చెప్పాను. నమ్మలేదు. ఎదురుగదిలో కుర్చీలో కూర్చున్నాకే నమ్మింది.

హాన్సెన్ గారు స్టాన్లీని మొదట అడిగిన ప్రశ్న, "మీరు ఇతని స్నేహితులా?"

"కాదు సార్. ఇతని లంచ్ డబ్బా తెరిస్తే నేను వేరే బల్లకి వెళ్ళిపోతాను. మూడేళ్ళుగా చెబుతున్నాను, ఆ చేపల కూర మానడు."

ఫోర్‌మన్ కూడా నవ్వాడు.

"మరెందుకు వచ్చారు?"

"చెప్పాడు కాబట్టి. పంచ్‌క్లాక్ దగ్గర, భార్య ఆసుపత్రిలో ఉంది, ఎప్పుడొస్తానో తెలియదు అని ఈ ఫోర్‌మన్‌తో చెప్పాడు. ఈయన వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. నేను వెనకే నిలబడ్డాను."

ఫోర్‌మన్‌ను అడిగితే, ఆ రోజు ప్రెస్సు ఒకటి ఆగిపోయి తాను పరుగులో ఉన్నానని, చెప్పి ఉండవచ్చని, గుర్తులేదని అన్నాడు. అతను కూడా నిజాయితీపరుడే. తీర్పు ఆశీర్వాదానికి అనుకూలంగా వచ్చింది. భృతి మొదలైంది. బ్యాంకు ఆగింది.

కథ ఇక్కడితో అయిపోతే కృతజ్ఞతలు అప్పుడే చెప్పుకునేవాళ్ళం. అవలేదు. ఆశీర్వాదం ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆరాధనలో లూసీ వరుస మార్చి కూర్చుంది. కృష్ణమోహన్ కనబడిన ప్రతివాడితోనూ, "ఆవిడ జడ్జి అయితే మనకేం ఒరిగింది? స్టాప్‌సైన్ దగ్గర ఆగలేదని పోలీసు నాకు రాసిన టికెట్ కూడా కొట్టేయించలేదు!" అనేవాడు. ఆమె ప్రతి ఆదివారం వచ్చేవారు. ఆరాధన అయ్యాక బేస్‌మెంటు సింకు దగ్గర అందరి టీ కప్పులూ కడిగేవారు. ఒక్కసారి కూడా తన పక్షం చెప్పుకోలేదు. రెఫరీల తీర్పుల మీద అప్పీలు వినే పై బోర్డుకు కేసు వెళ్ళే వీలున్నంతకాలం మాట్లాడకూడదన్నది ఆమె నియమం.

కేసు నిజంగానే పై బోర్డుకు వెళ్ళింది. కమలాపళ్ళ కథ ఊరంతా తిరిగి చివరికి కంపెనీ చెవిన కూడా పడింది. ఎదురుగది రెఫరీని ఆమె ప్రభావితం చేసిందని వాళ్ళు అప్పీలు చేశారు. బోర్డు టేపు తెప్పించి వింది. ఇంటికి రావడం, పళ్ళు, రెండు మాటలు, గదుల మార్పిడి, అన్నీ కంపెనీ లాయరు సమక్షంలోనే చెప్పి ఉన్నాయి. దాచినది ఒక్కటీ దొరకలేదు. తీర్పు ఖాయమైంది. ఆమె నోరెత్తకుండా విని ఉంటే, ఆ తీర్పు ఆ రోజు కొట్టుకుపోయేది. తీసుకున్న భృతి తిరిగి కట్టమనేవారు. ఇది నా ఊహ కాదు. బోర్డు రాసినది చదివిన లాయర్లు ముగ్గురు చెప్పిన అభిప్రాయం.

బోర్డు నిర్ణయం వచ్చిన వారం లూసీ బేస్‌మెంటు సింకు దగ్గరికి వెళ్ళి, తువ్వాలు తీసుకుని కడిగిన కప్పులు తుడవడం మొదలుపెట్టింది.

"ఏడాది నుంచి మీ పక్కన కూర్చోలేదు వదినగారూ."

"అటువైపు హీటరు దగ్గర కదమ్మా. నేనైనా అక్కడే కూర్చునేదాన్ని."

ఆశీర్వాదం దూరంగా నిలబడి ఉన్నాడు. "రావయ్యా, ఆ పెద్ద కెటిల్ ఎత్తు. నా నడుం ఒప్పుకోదు" అని ఆమె పిలిచారు. వచ్చి ఎత్తాడు. "అక్కా, ఆ రోజు..." అంటే, "వేడిగా ఉంది, చూసి పట్టుకో" అన్నారు. అంతకు మించి వాళ్ళ మధ్య మాటలు జరిగినట్టు నాకు తెలియదు. ఆ లివోనియా ఇంట్లో ఉండగానే వాళ్ళకు 1984లో పాప పుట్టింది. నేను నామకరణానికి వెళ్ళాను.

ఆ విచారణ తరువాత ఇంకా ఏడేళ్ళు ఆమె ఆ బల్ల దగ్గర కూర్చుని ఎందరి మాటలో విన్నారు. నల్లవాళ్ళూ, పోలిష్‌వాళ్ళూ, అరబ్బులూ, మనవాళ్ళూ, తమ యాసలో చెప్పిన మాట ఒకరు శ్రద్ధగా తిరిగి చెప్పి, సరేనా అని అడగడం చాలామందికి ఈ దేశంలో అదే మొదటిసారి. మన సహవాసంలో పళ్ళు పట్టుకెళ్ళే ఆచారం పోలేదు, పోవాలని ఆమె కూడా కోరలేదు. గుమ్మంలోనే, "అమ్మగారూ, మా కేసు మీ దగ్గర లేదు కదా?" అని అడిగి లోపలికి వెళ్ళడం మాత్రం మనవాళ్ళు నేర్చుకున్నారు. పరాయి దేశంలో మనలో ఒకరు న్యాయం చెప్పే స్థానంలో కూర్చుంటే ఎలా ఉండాలో ఈ ఊరి తెలుగువాళ్ళకు చూపించినది ఆమె. అందుకు మేమంతా, కృష్ణమోహన్‌తో సహా, ఋణపడి ఉన్నాం.

ఇక తేల్చి చెప్పవలసింది. ప్రేమజ్యోతి గారు దైవాశీర్వాదాన్ని గెలిపించలేదు. అతణ్ణి గెలిపించింది స్టాన్లీ సాక్ష్యం. ఆమె అతనికి తీర్పు చెప్పలేదు, చెప్పింది హాన్సెన్. తన ఇంట్లో విన్నదంతా ఇరుపక్షాల ముందు చెప్పి, కేసు వదులుకుని, అతని తేదీ మాత్రం ఒక్క రోజు కూడా వాయిదా పడకుండా ఆమె కాపాడారు. ఆ పని సరైనది.